ఆరు కిలోల చెయ్యి

ఆవిడ పోయిందన్న కబురు ఆవిడ మరిదే వచ్చి చెప్పాడు. గురువారం, పొద్దున్న పదకొండింటికి. అంటే సరిగ్గా ఆవిడ నా దగ్గరికి రావలసిన వేళకి. రెండేళ్లుగా ప్రతి నెలా మొదటి గురువారం ఆవిడని బండి మీద ఎక్కించుకొచ్చిన మనిషి ఈసారి ఒక్కడే వచ్చాడు. అలవాటు పోక, బెంచీ మీద ఆవిడకి చోటు వదిలి ఆ చివర కూర్చున్నాడు.

"వదిన పోయిందండి," అన్నాడు. నేను దానికి తగిన ముఖం పెట్టేలోపే, "ఆవిడ చెయ్యి బాగైపోయినట్టు ఒక కాగితం రాసిస్తారేమోనని వచ్చానండి," అన్నాడు.

పిఠాపురంలో ఒక మందుల షాపు పైన రెండు మంచాల ఫిజియోథెరపీ క్లినిక్ నాది. కాగితాల కోసం నా దగ్గరికి చాలామంది వస్తారు. సెలవు కావలసినవాళ్లు నడుము నొప్పి ఉందని రాయమంటారు, పెళ్లి కావలసినవాళ్లు లేదని రాయమంటారు. చనిపోయిన మనిషి చెయ్యి నయమైందని రాయమన్నది మాత్రం ఇతనొక్కడే. నేను నవ్వలేదు. ఆ మనిషికి ఆ కాగితం ఎంత అవసరమో నాకు తెలుసు. రాయకూడదని ఎవరు కోరుకునేవారో కూడా తెలుసు.

ఆవిడది ఉప్పాడ పక్కన ఒక పల్లె. చేపలు కోసేది. మొదటిసారి వచ్చినప్పుడు కుడి మణికట్టు మీద, చిటికెనవేలి వైపు, అడ్డంగా కుట్లు. చివరి రెండు వేళ్లూ కొక్కేల్లా వంకర తిరిగి ఉన్నాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పోయి గుంట పడింది. అరచేతిలోని చిన్న చిన్న కండరాల్లో చాలావాటికి కబురు మోసుకెళ్లే నరం ఒకటి మణికట్టు దగ్గర ఆ పక్క నుంచే వెళ్తుంది. అది తెగింది, కుట్టాం అని ఆసుపత్రి వాళ్లు రాసిన చీటీ తెచ్చింది. ఎలా తెగిందన్న చోట, 'చేపలు కోస్తుండగా కత్తిపీట తగిలి' అని ఉంది.

పాతికేళ్లుగా కత్తిపీట ముందు కూర్చున్న మనిషికి మణికట్టు బయటి పక్క ఎలా తెగిందమ్మా అని అడిగాను. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడ్డ మరిది వైపు చూసింది.

"చెప్పరా," అంది.

అతను గోడ మీద వేలాడుతున్న కండరాల బొమ్మని చాలా శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాడు.

"సిగ్గు పడుతున్నాడు బాబూ. కొత్తగా వచ్చింది," అని ఆవిడే చెప్పింది.

ఒక సాయంత్రం అతను తాగి వచ్చి, వలతాళ్లు కోసే కత్తి తీసుకుని పెళ్లాం జుట్టు పట్టుకున్నాడు. కూరలో ఉప్పు సంగతో, ఫోను సంగతో, ఆవిడకి గుర్తు లేదు. కారణాలు రోజూ మారేవి, జుట్టు మాత్రం అదే. పెళ్లాం అంటే ఈవిడ సొంత చెల్లెలు. పక్కింట్లోంచి ఈవిడ పరుగెత్తుకొచ్చేసరికి కత్తి చెల్లెలి మెడ మీదకి దిగుతోంది.

"చెయ్యి అడ్డం పెట్టాను. మెడకంటే చెయ్యి చవక కదా," అంది.

నెత్తురు గోడదాకా చిమ్మిందట. చెల్లెలు స్పృహ తప్పిందట. మరిది కత్తి పారేసి ఏడ్చాడట. ఈవిడ మాత్రం ఎడం చేత్తో వాడి చెంప రెండుసార్లు వాయించి, ఆ తరవాత చీర చెంగు చుట్టుకుని ఆటో ఎక్కింది. ఆ వరస మీద ఆవిడకి పట్టింపు. ముందు చెంప, తరవాత చెంగు. నేను ఒకసారి తిరగేసి చెబితే సరిదిద్దింది.

"నెత్తురు నాకు కొత్తేంటి బాబూ? కాకపోతే చేపల నెత్తురు చల్లగా ఉంటుంది. మనది వేడి. అదొక్కటే తేడా."

పోలీసులకి ఎందుకు చెప్పలేదని అడిగాను. వాడు జైలుకెళ్లి నాలుగు నెలలకి తిరిగొచ్చి, ఈసారి తలుపేసుకుని కోస్తాడు అంది. అందుకని ఆవిడ ఊరి పెద్దల దగ్గరికి వెళ్లింది. వాళ్లు ఒడ్డు మీద పడవల మధ్య కూర్చుని తీర్పు చెప్పారు. వదిన కుడి చెయ్యి ఎడం చేతితో సమానం అయ్యేదాకా మరిది ఆవిడ చేపల గంపలు మొయ్యాలి. వైద్యానికి తనే తీసుకెళ్లాలి. అప్పటిదాకా మందు ముట్టకూడదు, ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదు. తప్పితే ఏ పడవా అతన్ని వేటకి ఎక్కించుకోదు. వేటకి వెళ్లని మగవాడికి ఆ పల్లెలో ఉన్న పనులు రెండే: వలలు బాగు చెయ్యడం, మాట పడడం.

సమానమైందో లేదో ఎలా తెలియాలి? బాగైంది అని మరిది అంటాడు, కాలేదు అని వదిన అంటుంది. ఆ పెద్దల్లో ఒకాయన భుజం విరిగినప్పుడు నా దగ్గర వైద్యం చేయించుకున్నాడు. పిఠాపురంలో కుర్రాడి దగ్గర మిషను ఉంది, చెయ్యి ఎన్ని కిలోలో చెబుతుంది, మనిషి అబద్ధం ఆడొచ్చు గాని మిషను ఆడదు అన్నాడట. అలా నేను ఎక్కడో నలభై పడవల మధ్య జరిగిన న్యాయానికి తూనికరాయినయ్యాను. నన్నెవరూ అడగలేదు.

ఆ మిషను అంత గొప్పదేం కాదు. రెండు కడ్డీల మధ్య చెయ్యి పెట్టి పిడికిలి బిగించాలి. పైన గడియారం లాంటి బిళ్ల, దాని మీద రెండు ముళ్లు. నల్ల ముల్లు చేత్తో పాటు వెళ్లి చేత్తో పాటు వెనక్కి వచ్చేస్తుంది. ఎర్ర ముల్లు వెళ్లినచోటే ఆగుతుంది. మూడుసార్లు నొక్కించి సగటు రాస్తాం. మోసం చేసేవాళ్లు అక్కడే దొరికిపోతారని కాలేజీలో చెప్పారు. కావాలని తక్కువ నొక్కేవాడికి ఒకసారి నాలుగు వస్తుంది, ఒకసారి తొమ్మిది. బలమంతా పెట్టినవాడికే మూడూ ఒక్కలా వస్తాయి.

ఆవిడ ఎడం చెయ్యి ఇరవై ఆరు కిలోలు. నాది ముప్పై ఒకటి. ఆవిడ నా అంకె చూసి, నా మణికట్టు చూసి, "నెత్తళ్లలా ఉందే నీ చెయ్యి, ఇది ముప్పై ఒకటా?" అని మిషను మీద అనుమానపడింది. నెత్తళ్లంటే తలతో సహా పులుసులో వేసేసే వేలెడంత చేపలు. ఆవిడ ఎవరి చెయ్యి చూసినా చేప పేరే పెట్టేది. పక్షవాతం వచ్చిన ఒక మాస్టారి చేతిని వంజరం అంది. ఖరీదైన చేప కదా, ఆయన పొంగిపోయాడు. మరిది చేతికి మాత్రం పేరు పెట్టలేదు. "కుళ్లినదానికి పేరేంటి, పారెయ్యడమే," అంది. అతను పక్కనే ఉన్నాడు.

ఆవిడకి రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాను.

"వాడి గొంతనుకోనా?"

"అనుకోండి. రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి ఇరవై."

లెక్కపెట్టే పని మరిదిదే. ఒకటి, రెండు, మూడు అని అతను తన గొంతుని తనే లెక్కపెడుతుంటే, ఆవిడ అతని కళ్లలోకి చూస్తూ నొక్కేది. పదిహేడు దగ్గర అతను గుటక మింగేవాడు. నేను చాలా మంది రోగుల్ని చూశాను గాని ఇంత శ్రద్ధగా వ్యాయామం చేసినవాళ్లని చూడలేదు.

నరం రోజుకి ఒక మిల్లీమీటరు పెరుగుతుంది, ఓపిక పట్టాలి అని చెప్పాను. మా వీధిని సముద్రం అంతకంటే తొందరగా తింటోంది, ఏది ముందు చేరుతుందో చూద్దాం అంది. నిజంగానే ఆ ఏడాది వానల్లో ఆవిడ ఇంటి వెనక గోడ సముద్రంలో కలిసింది. ఆ సంగతి కూడా, బస్సు తప్పిపోయిందన్నట్టు చెప్పింది.

మొదటిసారి రెండు కిలోలు. తరవాత నాలుగు. ఆ తరవాత ఆరు. అక్కడ ఆగింది. తరవాతి నెల ఆరు. ఆ తరవాతా ఆరు. మూడుసార్లు నొక్కిస్తే ఆరు, ఆరు, ఆరు. ఇంత నిజాయితీగల చెయ్యిని నేను చూడలేదనుకున్నాను. మరిది నెలనెలా ఆ బిళ్ల మీదికి వంగి, పరీక్ష ఫలితాలు చూసుకునే పిల్లవాడిలా చూసి, నీరసంగా వెనక్కి జరిగేవాడు. నేను మాత్రం తలబద్దలు కొట్టుకుంటున్నాను. బొటనవేలి పక్కన గుంట పూడుతోంది. కొక్కేలు తిన్నబడుతున్నాయి. వేళ్ల మధ్య కాగితం పెట్టి లాగితే నా చేతిలో చిరుగుతోంది. అంకె మాత్రం కదలడం లేదు.

నిజానికి నాకు అంతకుముందే తెలిసి ఉండాలి. ఒకసారి నా దగ్గరున్న ఇసకసంచీ ఎత్తి చూసి, "దీని మీద కిలో అని రాశారు. యాభై తక్కువుంది," అంది. సరదాకి కింద కిరాణా కొట్లో తూయించాను. తొమ్మిదివందల యాభై. చేపని తోక పట్టి ఎత్తి కిలో ముప్పావు అని చెప్పడమే ఆవిడ బతుకు. ఆ చేతికి ఆరు కిలోలు ఎంతో తెలియదా? మూడుసార్లు కాదు, ముప్పైసార్లు అడిగినా గ్రాము తేడా లేకుండా ఇస్తుంది. మమ్మల్ని కాలేజీలో హెచ్చరించిన మోసగాళ్లెవరూ చేపలు కోసినవాళ్లు కారు. ఒడ్డు మీద కూర్చున్న పెద్దలకి ఆ చేతుల సంగతి నాకంటే బాగా తెలుసు. అయినా మిషను ముందు ఎవరి చెయ్యైనా అబద్ధం ఆడలేదనుకున్నారు.

నాకు విషయం అర్థమైంది ముడి వల్ల. ఆవిడ వచ్చినప్పుడల్లా ప్లాస్టిక్ కవర్లో చేపలు తెచ్చేది. ఒక గురువారం కవరు మరిచిపోయానని కిందకి వెళ్లి, బండి దగ్గర చేపలు కవర్లో వేసి, మెట్లెక్కుతూనే మూతి ముడేసి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కుడి చేత్తోనే బిగించడం నేను పైనుంచి చూశాను. ఇంటికి వెళ్లి విప్పబోతే రాలేదు. గోళ్లతో లాగాను. పళ్లతో లాగాను, చేప వాసన తప్ప ఏమీ రాలేదు. చివరికి కత్తెర తెచ్చుకోవలసి వచ్చింది. ఆరు కిలోల చెయ్యి వేసిన ముడి ముప్పై ఒక్క కిలోల చేతికి లొంగలేదు.

తరవాతి నెల మరిది టీకి వెళ్లినప్పుడు అడిగాను. ఆవిడ బుకాయించలేదు.

"ఆరే ఎందుకమ్మా?"

"రెండంటే నీకు వైద్యం రాదంటారు. పన్నెండంటే వాడు ఆశపడతాడు. ఆరైతే ఎవరికీ ఏం లేదు."

ఆ తరవాత కాసేపు బంతి నొక్కింది. చెల్లెలు ఏడాదిగా రాత్రి పూట నిద్రపోతోందట. మెడ మీద పాత గుర్తులు మాని, కొత్తవి రాలేదట. ఈ చెయ్యి బాగైందని నువ్వు రాసిన రోజు దాని మెడ మళ్లీ వాడి చేతిలో పెట్టినట్టే అంది. నీ ఇష్టం బాబూ అని కూడా అంది. ఆ మాట అన్న తీరులో ఇష్టమేమీ లేదు.

నేను ధర్మం గురించి చాలాసేపు ఆలోచించినట్టు చెప్పుకోవాలని ఉంది. కాని మరిది టీ తాగి వచ్చేశాడు. ముల్లు ఆరు దగ్గర ఆగింది. ఆరు అని రాశాను. ముల్లు ఎక్కడ ఆగిందో రాసే గడి ఉంది ఆ కాగితంలో. ఎందుకు ఆగిందో రాసే గడి లేదు.

రెండో ఎండాకాలంలో ఒకసారి చెల్లెలు కూడా వచ్చింది. సన్నగా, మాట్లాడేముందు ఇంటి గుమ్మం వైపు చూసే మనిషి. ఇది వాళ్ల ఇల్లు కాకపోయినా ఇక్కడా గుమ్మం వైపే చూసింది. ఆవిడ మిషను చేతిలోకి తీసుకుంటోంది. మరిది ఎప్పటిలాగే వంగి ఉన్నాడు. ఏడాదిన్నర గంపలు మోసి భుజం కాయ కాసింది, మందు లేదు, ఊళ్లో ఎగతాళి. చెల్లెలు అతనితో ఏదో మెల్లగా అంది. ఎండలో నిలబెట్టిన బండి సంగతి, నీడలో పెట్టమని. అంతే. అతను చటుక్కున పెళ్లాం జడ చేతికి చుట్టుకుని, రెండో చేత్తో బల్ల మీది ఇనప డంబెల్ ఎత్తాడు. రెండు కిలోలది. అది ఆమె ముఖానికి జానెడు దూరంలో ఉంది. చెల్లెలు అరవలేదు. కళ్లు మూసుకుని మెడ ఒక పక్కకి వాల్చింది, రోజూ చేసే పనిలా. ఆ సమయంలో నేను ఏంచేశానంటే, ధైర్యంగా గోడకి అంటుకుపోయాను.

మిషను నేల మీద పడ్డ చప్పుడు. ఆవిడ కుడి చెయ్యి వెళ్లి మరిది మణికట్టు పట్టుకుంది.

లాక్కోలేదు, తొయ్యలేదు, పట్టుకుంది. అతను విదిలించాడు. రాలేదు. ఎడం చేతిలోని జడ వదిలేసి ఆవిడ ముఖం మీద గుద్దాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. ఆవిడ దాన్ని తుడుచుకోలేదు. పట్టు ఇంకొంచెం బిగించింది. అతని వేళ్లు తెల్లబడ్డాయి, తరవాత నీలంగా మారాయి. డంబెల్ జారి పడి టైలు పగిలింది. అది ఇప్పటికీ పగిలే ఉంది. అతని మోకాళ్లు వంగాయి.

ఆవిడ గొంతు పెంచలేదు. "ఇప్పుడు చెప్పు మరిదీ. ఎన్ని కిలోలు?"

ఆవిడ వదిలేసింది. చెల్లెలి జడ సరిచేసింది. నేల మీది మిషను తీసి, చీరకి తుడిచి, నాకు ఇచ్చి, ముల్లు సున్నా దగ్గర పెట్టమంది. తరవాత మళ్లీ చేతిలోకి తీసుకుని, నెత్తురు కారుతున్న మూతితో, అందరం చూస్తుండగా నొక్కింది.

ఆరు. మళ్లీ ఆరు. మళ్లీ ఆరు.

గదిలో ఉన్న నలుగురికీ నిజం తెలుసు. నేను కలం పట్టుకుని మరిది వైపు చూశాను. అతను మణికట్టు రుద్దుకుంటున్నాడు. అక్కడ అయిదు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి, చివరి రెండూ కూడా స్పష్టంగా. వాటికి వైద్యం చేసినవాడిగా కాస్త గర్వం కలిగిందని ఒప్పుకోవాలి. అతను పెద్దల దగ్గరికి వెళ్లి చెప్పొచ్చు, ఆవిడ చెయ్యి బాగైంది, నాకు తెలుసు అని. ఎలా తెలిసిందిరా అంటారు. నేను నా పెళ్లాం మీద డంబెల్ ఎత్తితే పట్టుకుందండి అని చెప్పాలి. ఆ మాటతో పడవ పోతుంది. ఇదంతా అతని ముఖంలో ఒకదాని తరవాత ఒకటి నడవడం నేను చూశాను.

"ఆరే రాయండి," అన్నాడు.

ఆ తరవాత ఆవిడ నాకు ఏ వివరణా ఇవ్వలేదు, అడగలేదు. మెట్లు దిగుతూ, "టైలు సంగతి వాడు చూసుకుంటాడు," అంది. వాడు చూసుకోలేదు.

అలాంటి మనిషి పోయింది. కత్తిపీట ముందు కూర్చుని పండుగప్ప కోస్తూ కోస్తూ పక్కకి ఒరిగిందట. గుండె. సగం కోసిన చేప ఆవిడ చేతిలోనే ఉంది. కొనుక్కున్నాయన కాసేపు బాధపడి, మిగతా సగం ఎవరు కోస్తారని అడిగాడట. ఇది చెప్పి మరిది బెంచీ మీద ముందుకి జరిగాడు. అసలు సంగతి ఇప్పుడు వస్తోంది.

"ఆ చేపండి, కుడి చేతిలోంచి రాలేదండి. ఇద్దరు పట్టి లాగారు. అందరూ చూశారండి, పెద్దలూ చూశారు. ఆరు కిలోల చెయ్యైతే అలా పట్టుకుంటుందా? మీరు ఒక్క ముక్క రాస్తే సరిపోద్దంటున్నారు. లేకపోతే..." అని ఆగాడు. లేకపోతే ఏమిటో నాకూ తెలుసు. వదిన చెయ్యి సమానం అయ్యేదాకా అన్నారు. ఆ చెయ్యి మొన్న కాలిపోయింది. నయం కాకుండా పోయిన చేతికి గడువు తీరదు.

బలమైన సాక్ష్యమే. పైగా నిజం. ఆవిడ చెయ్యి ఎప్పుడో నయమైంది. నేను రాయవలసింది అబద్ధం కూడా కాదు. ఆవిడ బతికి ఉండగా ఆ భారం ముల్లు మీద పడేసి తప్పించుకున్నాను. ఇప్పుడు ముల్లు లేదు, నేనున్నాను.

"పోయినవాళ్ల చేతులన్నీ బిగుసుకుంటాయండి. నాది పోయినా బిగుసుకుంటుంది," అన్నాను.

అతను అర్థం కానట్టు చూశాడు. నేను ఆగవలసింది. ఆగలేదు. "కాగితం కావాలంటే చెయ్యి తీసుకురండి, కొలుస్తాను."

అతను లేచాడు. రెండడుగుల్లో వచ్చి నా కాలరు పట్టుకుని కుర్చీతో సహా గోడకి నెట్టాడు. తల వెనక కండరాల బొమ్మ చిరిగిన చప్పుడు వినిపించింది. పిడికిలి ఎత్తాడు. ఈసారి మధ్యలో చెయ్యి పెట్టేవాళ్లెవరూ లేరు. అతని మణికట్టు నా కళ్లకి దగ్గరగా ఉంది. గుర్తులు ఎప్పుడో పోయాయి.

"ఇది కూడా రాయమంటారా?" అన్నాను. నా గొంతు నేననుకున్నంత గంభీరంగా రాలేదు, ఈలలా వచ్చింది. "ఎవరి మీదా చెయ్యి ఎత్తకూడదన్నారు కదండీ పెద్దలు."

పిడికిలి కొంతసేపు అక్కడే ఉంది. తరవాత వేళ్లు ఒక్కొక్కటిగా తెరుచుకున్నాయి. అతను రెండో చేత్తో మణికట్టు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆవిడ పట్టుకున్న చోటే.

కాగితం తీసుకుని రాశాను. చివరి కొలత, కుడి చెయ్యి: ఆరు కిలోలు. ఎడం చెయ్యి: ఇరవై ఆరు. సమానం కాలేదు. ముద్ర వేసి ఇచ్చాను. అతను దాన్ని చదివి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చి, సంచీలోంచి మూతి ముడేసిన కవరు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"మా ఆవిడ ఇచ్చిందండి మీకు. ఇప్పుడు ఆ కత్తిపీట దగ్గర అదే కూర్చుంటోంది."

అతని బండి చప్పుడు దూరమయ్యాక కవరు దగ్గరికి లాక్కున్నాను. గోళ్లతో ప్రయత్నించాను. పళ్లతో ప్రయత్నించాను.

తరవాత కత్తెర కోసం సొరుగు తెరిచాను.